అత్తకి అకౌంటు లేదు: ఒక పండగ ప్రాజెక్టు డైరీ

భోగికి ముందు ఆదివారం

షాపులో బల్ల మీద ఎప్పుడూ ఒక టెస్టింగ్ ఫోను ఉంటుంది. మైకు మార్చినా, సిమ్ ట్రే మార్చినా అందులోంచి ఒక కాల్ చేసి చూసుకుంటాం. దాన్లో ఒక్క కాంటాక్టు కూడా ఉండదు. ఈమధ్య మా కుర్రాడు దాన్లో ఒక కాలర్ ఐడీ యాప్ (తెలియని నంబరు ఎవరిదో పేరు చూపించేది) ఎక్కించాడట, నాకు తెలియదు. ఈరోజు మధ్యాహ్నం నా ఫోను ఛార్జింగ్ అయిపోతే సిమ్ము తీసి దాన్లో వేశాను. ఐదు నిమిషాలకి పొందూరు నుంచి మేనత్త ఫోన్ చేసింది. ఉత్త నంబరు రావాల్సిన చోట పేరు వచ్చింది: పొందూరు ఆట నూలు.

"ఆట" ఏమిటో అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో అత్త అని రాయబోయి ఎవరో ఒక టీ తగ్గించారు.

సిమ్ములో పాత నంబర్లేమైనా మిగిలాయా అని చూశాను. ఖాళీ. ఫోనులో గూగుల్ అకౌంటు కూడా లేదు. అంటే ఆ పేరు బయట ఎక్కడి నుంచో వచ్చింది.

మా అత్తకి ఏ అకౌంటూ లేదు. ఫేస్‌బుక్ లేదు, వాట్సాప్ లేదు, ఈమెయిల్ ఊసే తెలియదు. చేతిలో కీప్యాడ్ ఫోను, అదీ పోయిన మావయ్య వాడినదే. పచ్చ బటను నొక్కితే మాట్లాడాలి, ఎర్ర బటను నొక్కితే పెట్టేయాలి, అంతవరకే ఆమెకీ ఫోనుకీ సంబంధం. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, రాట్నం మీద సన్న నూలు తీసే మనిషి. అలాంటి మనిషి ఊరు, చుట్టరికం, చేసే పని మూడూ కలిపి ఎక్కడో ఒక సర్వర్లో మూడు మాటల్లో కూర్చున్నాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆమెని ఎవరూ అడగలేదు.

ఇక ఇదే ఈ పండగ ప్రాజెక్టు. ఎలాగూ చుట్టాలందరూ ఒకచోట చేరతారు. ఆ పేరు బయటపెట్టింది ఎవరో కనుక్కోవాలి. ఉత్త మా చుట్టాల ఫోన్ బుక్కుల నుంచే అత్త గురించి ఎంత తెలుస్తుందో చూడాలి. ఆ తర్వాత దాన్ని తీయించగలమేమో ప్రయత్నించాలి.

భోగి

మంట దగ్గరే విషయం మొదలుపెట్టాను. ముందు అత్తని అడిగాను. ఆమె ఒప్పుకోకపోతే ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను.

"ఏటి సేత్తావురా నా నంబరుతో?"

"ఏమీ చెయ్యను అత్తా. మనవాళ్ళ ఫోన్లలో నిన్ను ఏమని రాసుకున్నారో చూస్తాను."

"సూడు. నాకూ సెప్పాల మరి. ఎవలెవలు ఏటేటి రాసుకున్నారో."

ఆ షరతు మీద ఒప్పుకుంది. నిజానికి ఈ ప్రాజెక్టులో ఆసక్తి అంతా అప్పుడే ఆమెది అయిపోయింది.

హైదరాబాదు నుంచి వచ్చిన మేనల్లుడు నవ్వాడు. "అకౌంటే లేనప్పుడు కంపెనీ దగ్గర ఏముంటుంది మావయ్యా?" వాడికి 2018 సంగతి చెప్పాను. ఆ ఏప్రిల్‌లో మార్క్ జకర్‌బర్గ్ అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు కూర్చున్నప్పుడు బెన్ లుహాన్ అనే సభ్యుడు సరిగ్గా ఇదే అడిగాడు. ఫేస్‌బుక్‌లో చేరనివాళ్ళ సమాచారం కూడా భద్రత కోసం సేకరిస్తామని జకర్‌బర్గ్ ఒప్పుకున్నాడు. అలాంటి వివరాల మూటని జనం "షాడో ప్రొఫైల్" అంటారు కదా అంటే, ఆ మాట తనకు తెలియదన్నాడు. అంతకు ఐదేళ్ళ ముందు, 2013 జూన్‌లో, ఆ కంపెనీలోనే ఒక బగ్ బయటపడింది. తమ సమాచారాన్ని డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళకి, తమకు తెలిసినవాళ్ళ ఫోన్ నంబర్లూ ఈమెయిళ్ళూ అదనంగా వచ్చేశాయి. అలా బయటపడ్డవాళ్ళు 60 లక్షల మంది. అవి వాళ్ళు ఇచ్చుకున్నవి కావు. వాళ్ళని తెలిసిన మరొకరు తమ ఫోన్ బుక్కు ఎక్కించినప్పుడు వెళ్ళినవి.

మేనల్లుడు ఫోను తీసి సెట్టింగ్స్‌లోకి వెళ్ళాడు. కాసేపు మాట్లాడలేదు.

నాతో కలిపి పదకొండు మందిమి కాంటాక్ట్స్ ఇవ్వడానికి సిద్ధమయ్యాం. మా వదిన మాత్రం "నా ఫోను ఇవ్వను, నాకు భయం" అంది. ఆవిడే అందరిలోకీ తెలివైనది అనుకుంటాను.

నియమాలు: షాపులో పాత లాప్‌టాప్, వైఫై కార్డు ఊడదీసి. కేబుల్‌తోనే కాపీ. పని అయ్యాక డిస్క్ తుడిచేయాలి. షాపుకి వచ్చే కస్టమర్ల ఫోన్లు ముట్టుకోకూడదు. రోజూ పది మందికి పాత ఫోను నుంచి కొత్త ఫోనుకి కాంటాక్ట్స్ ఎక్కించే పని నాది. తలుచుకుంటే ఊరు ఊరంతా నా దగ్గర ఉంటుంది. అందుకే ముందుగానే రాసిపెట్టుకున్నాను.

సంక్రాంతి

పని లేదు. మాకు ఇది పెద్దల పండగ. పోయినవాళ్ళకి కొత్త బట్టలు పెట్టుకోవాలి. మావయ్య ఫోటో ముందు అత్త పొందూరు పంచె పెట్టింది, సన్న అంచుది. పక్కనే ఆయన ఫోను కూడా పెట్టింది. అది మోగితే లేచి వెళ్ళి మాట్లాడి మళ్ళీ అక్కడే పెట్టింది.

కనుమ

పొద్దున్నుంచి ఫైళ్ళతో కుస్తీ. ఫోన్లో కాంటాక్ట్స్ ఎక్స్‌పోర్ట్ కొడితే విసిఎఫ్ ఫైలు వస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పేర్లు చక్కగా కనిపిస్తాయి. తెలుగు లిపిలో రాసిన పేరైతే పాత పద్ధతి ఫైల్లో ఇలా దిగుతుంది: సమానం గుర్తు, ఈ సున్నా, సమానం గుర్తు, బీ సున్నా... అలా వరుసంతా. ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు (కంప్యూటరు దాచుకునే చిన్న ముక్కలు), ఒక్కో బైటుకి మూడు అక్షరాలు. అంటే "అత్త" అన్న చిన్న మాటకే అ, త, పొల్లు, త అని నాలుగు గుర్తులు లెక్క, మొత్తం 36 అక్షరాలు.

దెబ్బ తగిలింది అక్కడ కాదు. వరుస 76 అక్షరాలు దాటితే ఫైలు దాన్ని విరిచి, చివర ఒక సమానం గుర్తు పెట్టి, మిగతాది కింది వరుసలో రాస్తుంది. నా స్క్రిప్టు, అంటే ఈ ఫైళ్ళు చదవడానికి పైథాన్ భాషలో రాసుకున్న చిన్న ప్రోగ్రాము, ఒక వరుసకి ఒక పేరనుకుని చదివింది. కింద వరుసలన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. "పొందూరు అత్త" వట్టి "పొందూరు" అయిపోయింది. అలా పొందూరులో మనకున్న చుట్టాలందరూ ఒకే మనిషయ్యారు. మధ్యాహ్నం భోజనాలకి పిలిచేసరికి నా లెక్క ప్రకారం అత్తకి ఏడు సిమ్ములున్నాయి. విరిగిన వరుసల్ని ముందు అతికించి, ఆ తర్వాత చదివించాక సరిపోయింది. పైథాన్‌తో పనిచేసే ఇంకెవరైనా ఇది చేయబోతే ఆ ఒక్క వరుస ముందే రాసుకోండి, అరపూట మిగులుతుంది.

నంబర్లు కలపడం తేలిక. కొందరు ముందు ప్లస్ 91 పెడతారు, కొందరు సున్నా. చివరి పది అంకెలు తీసుకుంటే చాలు. ల్యాండ్‌లైన్లు కూడా తగిలాయి, 08942తో మొదలయ్యేవి. సున్నా పోతే అవీ పది అంకెలే. వాటిలో సగం ఎవరూ ఎత్తరని నా అనుమానం, కానీ ఎవరూ తీసేయలేదు.

సాయంత్రానికి పదకొండు ఫైళ్ళూ ఒకచోట చేరాయి. ఏడు వేల పైచిలుకు పేర్లు. స్క్రీను మీద అవన్నీ జారుతుంటే నాకు ఒక్కసారి కడుపులో ఏదోలా అయింది. పదకొండు మంది ఒప్పుకున్నారు, అత్త ఒప్పుకుంది. మిగతా వేల మందిని నేనెక్కడ అడిగాను? పాలాయన, పురోహితుడు, ఎవరి ఆఫీసులోనో పై అధికారి, ఎప్పుడో ఒకసారి ఫ్యాన్ బాగుచేసినవాడు. నేను తిడదామని బయల్దేరిన పనే, అచ్చం అదే, పెరట్లో కూర్చుని నేనూ చేస్తున్నాను.

అందుకని అత్తవి తప్ప మిగతా నంబర్లన్నీ హ్యాష్ చేసేశాను. హ్యాష్ అంటే నంబరుని గుర్తుపట్టలేని ఒక పొడుగాటి కోడ్‌గా మార్చేయడం, దాన్ని వెనక్కి తిప్పలేం అంటారు. రాత్రి నిద్ర పట్టక నిజంగా తిప్పలేమా అని చూశాను. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి. అంటే ఉండగలిగినవి మొత్తం 400 కోట్లే. నా పాత లాప్‌టాప్ సెకనుకి దాదాపు పది లక్షల హ్యాష్‌లు వేస్తుంది. అన్ని నంబర్లనీ ఒక్కొక్కటిగా హ్యాష్ చేసి పోల్చుకుంటూ పోతే గంటంబావులో దేశంలో ఏ నంబరైనా దొరికిపోతుంది. ఇరవై ఏడో నిమిషంలో నా నంబరే దొరికింది. అప్పుడు లెక్కలోకి ఒక రహస్య మాట కలిపి మళ్ళీ చేశాను, ఆ మాటని కాగితం మీద రాసి తర్వాత పొయ్యిలో వేశాను.

వాట్సాప్ మీద ఐర్లండ్ డేటా రక్షణ సంస్థ 2021 సెప్టెంబరులో 22.5 కోట్ల యూరోల జరిమానా వేసిన కేసులో ఈ సంగతి కూడా ఉంది. వాడేవాళ్ళ ఫోన్ బుక్కుల్లోంచి వచ్చే, అకౌంటు లేనివాళ్ళ నంబర్లని మార్చి దాచుకుంటాం కాబట్టి అవి వ్యక్తిగత సమాచారం కాదని కంపెనీ వాదించింది. మార్చినా అవి వ్యక్తిగత సమాచారమేనని యూరప్ దేశాల డేటా రక్షణ బోర్డు తేల్చింది, ఐర్లండ్ సంస్థ ఆ ప్రకారమే తీర్పిచ్చింది. ఆ వాదన ఎందుకు నిలవలేదో కనుమ రాత్రి నాకు నా లాప్‌టాప్ మీదే అర్థమైంది.

ముక్కనుమ

అత్తని కూర్చోబెట్టి చదివి వినిపించాను. పదకొండు ఫోన్లలో పదింటిలో ఆమె ఉంది. లేని ఒక్కటి చెన్నైలో ఉన్న మేనల్లుడిది. వాడికి పడాల్సిన తిట్లు వాడికి పడ్డాయి.

పదింటిలో ఉన్నవి ఇవి. అత్త. పొందూరు అత్త. పెద్దత్త కొత్త నంబరు. ఖాదీ అత్తయ్యగారు, ఇది మా పిన్ని కోడలు రాసుకున్నది, గారు పెట్టింది ఆ అమ్మాయి ఒక్కతే. అత్త షుగర్, ఇది మందులు తెప్పించే మరదలిది. మావయ్య. మావయ్య, పక్కన బ్రాకెట్లో అత్త. మావయ్య లేరు. తర్వాత ఒకటి: అత్త 20 ఇవ్వాలి.

అక్కడ అత్త ఆపింది.

"ఏటదీ? మళ్ళీ సదువు."

"అత్త 20 ఇవ్వాలి."

"నానివ్వాలా? ఆడికి నానివ్వాలా? ఆడే నాకివ్వాల, ఇరవై వేలు! రెండేళ్ళై తిప్పుతున్నాడు!"

ఆ ఫోను మా చిన్నాన్న కొడుకుది. మొహం ఎర్రగా చేసుకుని, తను ఇవ్వాల్సింది గుర్తుండాలనే అలా రాసుకున్నానని వివరించాడు. అది నిజమే కావచ్చు. కానీ ఆ నాలుగు ముక్కలు చదివిన ఏ యంత్రమైనా ఏమనుకుంటుంది? ఈవిడ అప్పులపాలైన మనిషి అనుకుంటుంది. ఆ ఫోనులో ఫోన్ బుక్కుకి పర్మిషన్ ఉన్న యాప్‌లు ఎన్నో లెక్కపెట్టాను. పంతొమ్మిది. వాటిలో రెండు లోన్ యాప్‌లు.

నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే పెద్ద విషయం ఇక్కడే దొరికింది. అకౌంటు ఉన్నవాడు తన గురించి తనే రాసుకుంటాడు, అబద్ధమైనా సరే. ఫోటో మారుస్తాడు, పేరు మారుస్తాడు. అకౌంటు లేని మనిషి గురించి రాసేది ఎప్పుడూ ఎదుటివాళ్ళే, అదీ గాభరాలో, ఒక చేత్తో స్కూటీ పట్టుకుని, తమకి గుర్తుండేట్టు. రోగం, బాకీ, ఊరు, పని, ఒక్కోసారి కులం కూడా. తప్పు రాసినా దిద్దుకోవడానికి ఆమెకి పేజీ లేదు, పాస్‌వర్డ్ లేదు.

ఎవరూ రాయనిది కూడా బయటపడింది. మూడు ఫోన్లలో నంబరు మావయ్య పేరు మీదే ఉంది. ఒకదాంట్లో "లేరు" అని ఉంది. అదే నంబరుకి మిగతా ఏడింటిలో అత్త. నా స్క్రిప్టుకి చుట్టరికాల గురించి నేను రాసిన నియమాలు పదో పన్నెండో, అంతే. అవి చాలు, ఈ నంబరు వాడే ఆవిడ భర్త పోయారని చెప్పడానికి. "విధవ" అన్న మాట ఏ ఫోనులోనూ ఎవరూ కొట్టలేదు.

ఇక పదో పేరు. అది చదవడానికి నాకే నోరు రాలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో, అత్తలో ఒక టీ తగ్గి: పొందూరు ఆట నూలు. పదకొండు ఫోన్లలో ఆ స్పెల్లింగు ఉన్నది ఒక్కదాంట్లోనే, అది నాది. మూడేళ్ళ కిందట, షాపులో ఎవరి ఫోనుకో డిస్‌ప్లే అతికిస్తూ, గమ్ము ఉన్న వేళ్ళతో సేవ్ చేసిన పేరు. తెలియని నంబర్ల గొడవ భరించలేక అప్పట్లో నేనే ఆ కాలర్ ఐడీ యాప్ వేసుకున్నాను. నా ఫోన్ బుక్కుని ఆ యాప్‌కి ఇచ్చేసే "అలో" బటను నొక్కిన గుర్తు కూడా లేదు. రోజుకి ఎన్నిసార్లు నొక్కుతానో!

అత్త ఏమీ అనలేదు. "ఆటేటిరా, నాను ఆడుకుంతన్నానా?" అని నవ్వింది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాననుకుంటాను.

పండగ తర్వాత ఆదివారం

చుట్టాలు వెళ్ళిపోయారు. అరిసెలు మిగిలాయి.

ఈవారం చేసిన ప్రయోగం: అకౌంటు లేని ఇద్దరి మధ్య పరిచయం ఉందో లేదో ఊహించడం. జర్మనీలో హైడెల్‌బెర్గ్ పరిశోధకులు 2012లో ఇలాంటిది చేసి చూపించారు. సభ్యుల స్నేహాలు, వాళ్ళకి తెలిసిన బయటివాళ్ళు ఎవరన్నది తెలిస్తే చాలు, ఆ బయటివాళ్ళలో ఎవరికి ఎవరు తెలుసో చెప్పొచ్చని. వాళ్ళది పెద్ద ఎత్తున, అమెరికా యూనివర్సిటీ విద్యార్థుల నెట్‌వర్క్ మీద. నాది పెరటి స్థాయి. అత్త ఏ ఏ ఫోన్లలో ఉందో, సరిగ్గా అవే ఫోన్లలో ఇంకెవరున్నారు? అంతే లెక్క.

స్క్రిప్టు పది మందిని ఇచ్చింది. పేర్లతో ఉన్న ఆ పది వరుసలూ పొందూరు తీసుకెళ్ళి, అత్త రాట్నం పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చదివాను. ఆమె నూలు ఆపకుండానే మార్కులు వేసింది. ఆరు సరే. పక్కింటి నూలు స్నేహితురాలు, కిరాణా షాపు, ఆరెంపీ, ఇలా. రెండు తెలియవంది. ఒకటి మా ఇంట్లో కుక్కర్ బాగుచేసినవాడిది, ఎందుకు వచ్చిందో నాకూ తెలియదు.

అన్నిటికంటే పైన, అత్తకి అత్యంత దగ్గరి మనిషని స్క్రిప్టు గట్టిగా చెప్పిన పేరు చదివాను. రాట్నం ఆగింది. వాళ్ళిద్దరికీ గోడ తగువు. పదేళ్ళై మాటల్లేవు. ఒకే వీధి, ఒకే చుట్టాలు, ఒకే పెళ్ళిళ్ళు, అందుకే ప్రతి ఫోనులో ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు.

"దీనికి గోడ కనపళ్ళేదేటి?" అంది అత్త.

మధ్యలో ఒక చిన్న పక్కదారి. షాపు కంప్యూటర్లో కొత్త బ్రౌజరు వేసి, ఎక్కడా లాగిన్ కాకుండా, మామూలుగా జనం చూసే ఐదు వెబ్‌సైట్లు తెరిచాను. బ్రౌజరు ఏ ఏ సర్వర్లతో మాట్లాడుతోందో చూపించే నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూస్తే మూడింటిలో పేజీతో పాటు సోషల్ మీడియా కంపెనీ సర్వర్లకి కూడా కబురు వెళ్తోంది. దీని మీద బెల్జియంలో పెద్ద గొడవే జరిగింది. అకౌంటు లేనివాళ్ళ బ్రౌజర్లలో కూడా ఫేస్‌బుక్ రెండేళ్ళు ఉండే కుకీ (బ్రౌజరుని గుర్తుపట్టే చిన్న ఫైలు) పెడుతోందని అక్కడి ప్రైవసీ కమిషన్ కోర్టుకెళ్తే, 2015 నవంబరులో ఆపమని ఆర్డరు వచ్చింది, లేకపోతే రోజుకి రెండున్నర లక్షల యూరోలు. మరుసటి ఏడు అప్పీలులో అది కొట్టేశారు, 2018లో మళ్ళీ కంపెనీకి వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. కానీ అత్తకి బ్రౌజరే లేదు కాబట్టి ఈ దారి మూసేశాను. మన సంగతి ఫోన్ బుక్కే.

రథసప్తమి

అరసవల్లి. అర్ధరాత్రి నుంచే క్యూ. అత్త జిల్లేడు ఆకులతో స్నానం చేసి తొలి బస్సుకి వచ్చింది. ఎండ ఎక్కాక బయట అందరం కలిసి ఫోటో దిగాం. మేనల్లుడు పోస్ట్ చేయబోయి నా వైపు చూశాడు, తర్వాత అత్త వైపు చూశాడు. "పెట్టుకోరా, నా మొకం బాగుందా?" అంది.

వాడి గ్యాలరీ యాప్ తెరిచి చూపించాడు. ముఖాల వరుసలో ఒక గుండ్రంలో అత్త. పదేళ్ళ ఫోటోలు ఒకచోట చేర్చి పెట్టింది, పెళ్ళిళ్ళు, బారసాలలు, మావయ్య పక్కన ఉన్నవి. కింద పేరు జోడించమని అడుగుతోంది. వాడు జోడించలేదు, ఇన్నాళ్ళూ. ఫేస్‌బుక్ 2021 నవంబరులో ముఖాలు గుర్తుపట్టే పద్ధతి ఆపేసి, వంద కోట్ల మందికి పైగా ముఖాల లెక్కలు చెరిపేస్తామని ప్రకటించింది. గ్యాలరీలు ఆ పని మానలేదు. ముఖాల సంగతి నా ప్రాజెక్టులో లేదు, ఉండి ఉంటే ఇంకో పండగ పట్టేది.

ఆ తర్వాత బుధవారం

తీయించే పని.

ఫేస్‌బుక్ కంపెనీ మెటాకి 2022 నుంచి ఒక పేజీ ఉంది. అకౌంటు లేనివాళ్ళు కూడా తమ నంబరు వాళ్ళ దగ్గర ఉందేమో చూసుకుని, ఉంటే చెరిపించి, మళ్ళీ ఎవరూ ఎక్కించకుండా ఆపించుకోవచ్చు. సహాయం పేజీల లోపల ఎక్కడో ఉంటుంది, వెతుక్కోవాలి. కాలర్ ఐడీ యాప్‌లకీ ఇలాంటి పేజీలుంటాయి. అన్నిట్లో తిరకాసు ఒకటే: తీయించాలంటే ముందు నంబరు ఇవ్వాలి. మళ్ళీ రాకుండా ఉండాలంటే ఆ నంబరు వాళ్ళ దగ్గర ఉంచుకోవాలి. పట్టికలోంచి తీసి ఇంకో పట్టికలో పెట్టడం.

నంబరు ఆమెదేనని రుజువుకి ఒక కోడ్ వస్తుంది. అత్తకి ఫోన్ చేశాను.

"అత్తా, ఇప్పుడొక మెసేజ్ వస్తుంది. అందులో ఉన్న అంకెలు చెప్పు."

"సెప్పను."

"అదేంటి?"

"ఓటీపీ ఎవలికీ సెప్పొద్దని నువ్వే కదరా సెప్పినావు. అడిగినోడు సుట్టమైనా సెప్పొద్దన్నావు."

అన్నాను, నిజమే. మర్నాడు పొందూరు వెళ్ళి, ఆమె ఎదురుగా కూర్చుని, ఆమె ఫోనులో నేను చూడకుండా ఆమె ఒక్కొక్క అంకె చదువుతుంటే కొట్టాను. మూడోసారికి అయింది, మొదటి రెండుసార్లు కోడ్ టైం దాటిపోయింది. కాలర్ ఐడీ యాప్ పేజీలో కూడా అలాగే.

చట్టం సంగతి కూడా చూశాను. మన డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో. కంపెనీల మీద ఉండే అసలు బాధ్యతలు చాలావరకు పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మేలో మొదలవుతాయి. ఈ చట్టంలో మామూలుగా "అతను" అని రాసే చోటల్లా "ఆమె" అని రాశారు. చదువుతుంటే అచ్చం అత్త గురించే రాసినట్టు ఉంది. కానీ దిద్దించుకునే హక్కు, చెరిపించుకునే హక్కు ఉన్న సెక్షన్ చూస్తే, ఆమె ఇంతకుముందు ఒప్పుకుని ఇచ్చిన సమాచారానికి ఆ హక్కు అని ఉంది. అత్త ఒప్పుకున్నదెప్పుడు? ఒప్పుకున్నది నేను. ఇక సొంత అవసరాలకి, ఇంటి అవసరాలకి మనం రాసుకున్నదానికి ఆ చట్టం వర్తించదు. నా ఫోన్ బుక్కులో "ఆట" అని రాసుకోవడం నా ఇష్టం. అది అక్కడి నుంచి బయటికి వెళ్ళినప్పుడే పేచీ.

కాబట్టి అసలు పని ఫోన్ల దగ్గరే. మిగతా పది మందికీ వీడియో కాల్ చేసి సెట్టింగ్స్, యాప్స్, పర్మిషన్లు, కాంటాక్ట్స్ అని ఒక్కొక్కరి చేత తీయించాను. మొత్తం ఒక సాయంత్రం. ఐఫోన్ ఉన్న మేనల్లుడికి సుఖం, ఐఓఎస్ 18 నుంచి ఫోన్ బుక్కు మొత్తం ఇవ్వకుండా కావలసిన నాలుగు పేర్లే ఇవ్వొచ్చు. మా ఆండ్రాయిడ్ ఫోన్లలో అవును, కాదు రెండే కనిపించాయి. చిన్నాన్న కొడుకు లోన్ యాప్‌లు రెండూ తీసేశాడు. వెళ్ళిన సమాచారం మాత్రం వెళ్ళినట్టే.

లేబుళ్ళు కూడా మార్పిద్దామనుకున్నాను. అందరూ ఉత్త "అత్త" అని పెట్టుకోండి, ఊరూ రోగం వద్దు అని గ్రూపులో పెట్టాను. సరేనన్నారు. అత్తకి చెబితే ఒక్కదానికి ఒప్పుకోలేదు.

"మావయ్య పేరున్నయ్ మూడూ ముట్టుకోకు. అలగుండనీ. నాను ఫోను సేత్తే ఆల ఫోన్ల ఆయన పేరు మోగతాది కదా."

నా పట్టికలో ఆ మూడు వరుసల ఎదురుగా "మార్చవద్దు" అని రాసి, లాప్‌టాప్ డిస్క్ తుడిచేశాను.

ఈరోజు

టెస్టింగ్ ఫోనులో నా సిమ్ము వేసి అత్తని ఫోన్ చెయ్యమన్నాను. యాప్ ఇంకా అందులోనే ఉంది, కావాలనే ఉంచాను. పది అంకెలు వచ్చాయి, పేరు రాలేదు. వారం ఆగి మళ్ళీ చూడాలి, ఎవరో ఒకరు కొత్త ఫోను కొని "అలో" కొడతారు.

నా ఫోనులో ఆ పేరు సరిచేశాను. రెండో టీ పెట్టాను, పొందూరూ నూలూ తీసేశాను.

చిన్నాన్న కొడుకు కూడా మార్చాడు, స్క్రీన్‌షాట్ పంపాడు. ఇప్పుడు "అత్తకి నేను 20 ఇవ్వాలి" అని ఉంది. డబ్బు ఇంకా ఇవ్వలేదు.